కవలల్లో మిగిలినవాడు

దర్జీ కాలర్ కుడుతుంటే ఒక అమ్మాయి వచ్చి షాపు ముందు నిలబడింది. చేతిలో పాత ఫోటో. అది చూపించి వీధిలో ఎవర్ని అడిగినా ఈ షాపే చూపించారట. ఫోటోనీ ఆయన మొహాన్నీ మార్చి మార్చి చూసి, "మీరు మా నాన్నండీ" అంది.

దర్జీ మిషను ఆపి ఫోటో అందుకున్నాడు. కళ్ళు చెమర్చాయి.

"ఇది నేను కాదమ్మా, మా అన్నయ్య. ఇద్దరం కవలలం. వాడు పోయి చాలా ఏళ్ళయింది."

పెళ్ళి కాకుండానే పోయిన అన్నకి ఒక కూతురుందంటే ఆయనకి నమ్మాలనే ఉంది. భార్యకే మింగుడుపడలేదు.

"పోయినాయన మీదకి నెట్టేయడం తేలికే. అన్నో తమ్ముడో డీఎన్ఏ పరీక్షలో తేలుతుంది, పదండి" అని ఆవిడే అందర్నీ ల్యాబుకి బయల్దేరదీసింది. అమ్మాయి తన తల్లిని కూడా వెంటబెట్టుకొచ్చింది.

నర్సు గుర్తింపు కార్డులు చూసి, కొత్త గ్లౌజులు తొడుక్కుంది. "నోరు తెరవండి" అని దూది పుల్లతో దర్జీ చెంప లోపల రుద్దింది.

"పెద్దగా తెరిపించమ్మా, ఆ నోరు తెరుచుకోగా నేనే ఎప్పుడోగానీ చూళ్ళేదు" అంది భార్య.

అమ్మాయి చెంపా అయింది. పుల్లలు ఆరబెట్టి, విడివిడిగా కవర్లలో పెట్టి, సీలు వేస్తుంటే భార్య అడిగింది. "అయితే తండ్రి ఈయనో, ఈయనతో కవలగా పుట్టిన అన్నో ఎప్పుడు తెలుస్తుంది?"

"అచ్చుగుద్దినట్టుండే కవలలాండీ? అయితే తెలియదమ్మా. ఈ పరీక్షకి ఇద్దరూ ఒకటే. ఈ అమ్మాయి వాళ్ళన్నగారి బిడ్డయినా, రిపోర్టులో ఈయనే తండ్రని వస్తుంది."

దర్జీ మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

భార్య విసవిసా వరండాలోకి వెళ్ళి అమ్మాయి తల్లి పక్కన కూర్చుంది. "దాపరికం లేకుండా చెప్పు. ఆయన నీకెలా దగ్గరయ్యాడు?"

"మాటలతోనేనండి. బస్సుల మెకానిక్కే గానీ మాటలు కోటలు దాటేవి. నన్ను నవ్వించి నవ్వించి చంపేవాడు. ఒకరోజు గొడవపడి ఊరు మారిపోయాను. కడుపులో బిడ్డుందని తర్వాత తెలిసింది. పంతానికి పోయి కబురు పెట్టలేదు."

భార్య ఒక్కసారిగా నవ్వేసింది. "ఇంక పరీక్షెందుకు! ఈయన నోట్లో నాలుక లేని మనిషి. మా పెళ్ళి మాటలకొచ్చినప్పుడు కూడా ఈయన తరఫున వాళ్ళన్నే మాట్లాడాడు. పిల్లని నవ్వించడం ఈ జన్మలో ఈయనవల్ల కాదు."

అది తిట్టో మెచ్చుకోలో గుమ్మంలో నిలబడి విన్న దర్జీకి తెలియలేదు గానీ, ప్రాణం లేచొచ్చింది.

రిపోర్టు నర్సు చెప్పినట్టే వచ్చింది. భార్య చదివి అమ్మాయి చేతికిచ్చింది.

"కాగితం ఏమన్నా అననీ. ఈయన నీకు బాబాయి, నేను పిన్నిని. మనింటికి వచ్చినప్పుడు తలుపు కొట్టకు, నెట్టుకుని వచ్చేయ్."

ఆ సాయంత్రమే పిన్ని షాపులో నీలం బట్ట ఎంచింది. బాబాయి అమ్మాయిని నిలబెట్టి భుజాల మీద టేపు పెట్టాడు. ఏటవాలు భుజాలు. అన్న చొక్కాలకీ తన చొక్కాలకీ ఎన్నోసార్లు కత్తిరించిన వంపే. టేపు మెడలో వేసుకుని, సుద్దముక్క తీసి, బట్ట మీద ఒక్క గీతలో ఆ వంపు గీసేశాడు.