మరీ బాగా కలిసిన లెక్క

సౌర తుఫాను భూమిని తాకబోతోంది. కంట్రోల్ రూమ్‌లో అందరూ ధ్రువమ్మ మాట కోసం చూస్తున్నారు.

ధ్రువాల మీద పైగాలి ఎంత వేడెక్కి ఎంత ఉబ్బుతుందో ముందే చెప్పే మోడల్ ఆమెది. ఆ పేరూ అందుకే వచ్చింది. గాలి ఉబ్బితే కక్ష్యలోని ల్యాబ్ రాపిడికి కిందికి జారుతుంది. అందులో ముగ్గురున్నారు. ఇంధనం అంతంతమాత్రం. ఇప్పుడే పైకి నెట్టాలా, దాచుకోవాలా? మోడల్ దాచుకోమంటోంది.

చెప్పేముందు పాత తుఫానుల రాడార్ కొలతలు మరోసారి తెరిచింది. మోడల్ గీతకూ వాటికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఆ పోలికే ఆమెను ఇంతదాన్ని చేసింది. కానీ పెద్దది చేసి చూస్తే కొలతల గీత మెట్లు మెట్లుగా ఉంది. మోడల్ లెక్క అలా మెట్లుగానే నడుస్తుంది. నిజమైన గాలి అలా నడవదు.

ధ్రువ రాడార్ చూసేది ఆమె తమ్ముడు. ఉద్యోగం ఇప్పించింది ఆమే. కారిడార్‌లోకి వెళ్లి ఫోన్ చేసింది.

“ఒరేయ్, పెద్ద తుఫానులప్పుడు రాడార్ పనిచేసిందా?”

అతను నీళ్లు నమిలాడు. “అప్పుడది గుడ్డిదైపోతుందక్కా. ఖాళీలుంటే పైవాళ్లు తిడతారు. అందుకే నీ మోడల్ అంకెలే పెట్టా. నీకంటే బాగా ఎవరు చెప్తారని.”

“నీ తెలివి తెల్లారినట్టే ఉంది. నా మాటే నాకు వినిపించి, లోకం ఒప్పుకుందన్నావా?”

ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు. తన ఉద్యోగంతో పాటు ఆమె పేరూ పోతుందన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసి లోపలికొచ్చి, పైకి నెట్టమంది. డైరెక్టర్ మైకు ఆపి కారణం అడిగితే, ఉన్నదంతా ఆయన చెవిలో చెప్పేసింది. ఆయన ముఖం పాలిపోయింది. అయినా నెట్టమన్నారు.

మోడల్ చెప్పినదానికి రెట్టింపు ఉబ్బింది గాలి. ల్యాబ్ నిలబడింది. చప్పట్ల మధ్య డైరెక్టర్ ఆమెను తన గదిలోకి పిలిచి తలుపు వేశారు. ధ్రువమ్మ మోడల్ ముగ్గురిని కాపాడిందని ప్రకటన అప్పటికే వెళ్లిపోయింది.

“అది అబద్ధం సార్.”

“తెలుసమ్మా. కానీ ఈ సంస్థ నడిచేది ఆ మోడల్ మీదే. మీ తమ్ముడి జోలికి ఎవరూ రారు. మీరూ ఈ సంగతి జోలికి రాకండి.”

తలుపు తట్టి ఆపరేటర్ నవ్వుతూ తొంగిచూశాడు. మరో తుఫాను బయలుదేరిందట.

“ఇంధనం ఊడ్చేశాం మేడమ్. ముగ్గుర్నీ తిరుగు నౌకలో దించేయాలా, ఉంచాలా అన్నదానికి ఇక మీ మోడలే దిక్కు. ఏమంటోంది?”

డైరెక్టర్ ఆమె కళ్లలోకే చూస్తున్నారు.