ఎనిమిదో మెట్టు

మూడో తరగతి లెక్కల టీచరమ్మకి ఎక్కాలంటే ప్రాణం. మరీ ముఖ్యంగా, ఇంకొకరి నోట వినడమంటే. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ అడుగుతూనే ఉంది. ఆవిణ్ణి అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. ఆ ఉద్యోగంలో ఉన్న అసలు సుఖం అదే.

ఆ రోజు ఆవిడ బల్ల మీద ఒక కాగితం ఉంది. రెండో తరగతికి తిరిగి పంపాల్సిన పిల్లల జాబితా. అందులో ఉన్నది ఒకటే పేరు, చివరి బెంచీ పిల్లది. క్లాసంతా ఆ పిల్లని 'నత్త' అంటారు. ఆ పేరు పెట్టిన ఘనత కూడా టీచరమ్మదే. 'కారణం' అన్న గడిలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: "ఏ ఎక్కం అడిగినా ఒకటి నుంచి మొదలుపెడుతుంది." ఇక సంతకమే తరువాయి.

పొద్దున "ఏడు ఆర్లు ఎంతే?" అని అడిగితే నత్త పెదాలు కదపడం మొదలుపెట్టింది.

"బయల్దేరిందర్రా బండి! ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది. ఈలోగా మనం భోంచేసి వద్దాం."

క్లాసు విరగబడి నవ్వింది.

మధ్యాహ్నం తనిఖీకి అధికారి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "యాభై ఆరు పెన్సిళ్ళు ఏడుగురికి సమంగా పంచితే తలా ఎన్నొస్తాయర్రా?"

ఎక్కాన్ని ముందుకు పాడటమే గానీ వెనక్కి నడిపించడం ఆ క్లాసు ఎరగదు. భాగహారమంటే అదేనని వాళ్ళకెవరూ చెప్పలేదు. అయినా ముందు బెంచీ మేధావులు తగ్గుతారా?

"తొమ్మిది!" "ఏడు సార్!" "పది!"

"ఇదేం వేలంపాట మేడమ్?" ఆయన నవ్వాడు. "పోనీ, మీరు చెప్పండి."

టీచరమ్మ లోపల ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె ఉలిక్కిపడి లేచి నిలబడింది. ఎదురుగా నాన్న, చేతిలో చెక్క స్కేలు. తప్పితే మళ్ళీ మొదట్నుంచి. ఏడు ఒకట్ల ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు... నాలుగు దగ్గర, ఎప్పటిలాగే, అడుగు పడలేదు. తలెత్తితే చివరి బెంచీలో నత్త పెదాలు కదులుతున్నాయి. అవీ ఆగాయి. మళ్ళీ కదిలాయి.

టీచరమ్మ ఇంకా ఆరు దగ్గర ఉండగానే, "ఎనిమిది సార్" అంది నత్త.

"శభాష్! ఎలా చెప్పావమ్మా?"

"ఒక్కో మెట్టూ ఎక్కి చూశాను సార్. ఎనిమిదో మెట్టు మీద యాభై ఆరుంది."

"చక్కగా నేర్పారు మేడమ్" అని ఆయన వెళ్ళిపోయాడు. టీచరమ్మ ఆ మెప్పుని వినయంగా పుచ్చుకుంది. పెద్దవాళ్ళ మాట కాదనడం మర్యాద కాదు కదా.

బడి వదిలాక నత్త బల్ల దగ్గరికి వచ్చింది.

"టీచర్, మీరు నాలుగో మెట్టు దగ్గర ఆగారు కదా?"

"నీకెవరు చెప్పారే?"

"మీ పెదాలు చూశా. నేనూ అక్కడే ఆగుతా టీచర్. ఆ మెట్టు కొంచెం ఎత్తు."

టీచరమ్మ కాగితం వైపు చూసింది. 'కారణం' గడిలో తన గురించి ఇంత అందంగా ఇంతవరకు ఎవరూ రాయలేదు. పేరు మీద అడ్డంగా ఒక గీత కొట్టింది. స్కేలు పెట్టలేదేమో, వంకరగా వచ్చింది.

"రేపట్నుంచి ముందు బెంచీలో కూర్చో."

"ఎందుకు టీచర్?"

"నాకు చూపు ఆనదు" అంది టీచరమ్మ, కోపంగా. "నీ పెదాలు కనపడాలి."