గుర్రం గుండె

ఎంత దూరం సైకిలు తొక్కినా అలుపు తెలియని మనిషి కాబట్టి బావను అందరూ గుర్రం అనేవారు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఏ భవనంలో లిఫ్టు మొరాయించినా పై అంతస్తుదాకా మెట్లెక్కి వెళ్లి, అక్కడివాళ్లతో రొప్పు లేకుండా కబుర్లాడేవాడు. ఆయన బావమరిది కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. పొద్దస్తమానం కూర్చుని చేసే పని. పొట్ట పెరిగింది, బీపీ తగులుకుంది. సైకిలు తొక్కమనీ, గుండె వేగం మాత్రం నూట నలభై దాటనివ్వొద్దనీ డాక్టరు చెప్పాడు.

"వాణ్ణి ఒక్కణ్ణే పంపితే ఏదో ఆటబొమ్మ కొనుక్కొస్తాడు. మీరూ వెళ్లండి," అని అక్క మొగుణ్ణి వెంట పంపింది.

సైకిళ్ల దుకాణం ఇరుకుగా ఉంది. పైకప్పుకు చక్రాలు వేలాడుతున్నాయి, లోపలంతా కొత్త రబ్బరు వాసన. దుకాణందారు గాజు బల్ల మీద మూడు సైకిల్ కంప్యూటర్లు పెట్టాడు, హ్యాండిల్‌కి తగిలించుకుని తొక్కే వేగం, గుండె వేగం చూసుకునేవి. మొదటిది అరచేయంత ఉంది, దారులు కూడా చూపిస్తుంది.

"చెమట పట్టిన వేలితో తాకితే పనిచేస్తుందా?" అని అడిగాడు బావమరిది.

"కాస్త సతాయిస్తుందండీ," అని ఒప్పుకున్నాడు దుకాణందారు.

రెండోది చిన్నది, పక్కన బొత్తాలున్నాయి. బావమరిది దాన్ని గుమ్మం దగ్గరకు తీసుకెళ్లి, కళ్లజోడును పరీక్షించినట్టు ఎండలో అటూ ఇటూ వంచి చూశాడు. అంకెలు ఎటునుంచి చూసినా స్పష్టంగా ఉన్నాయి. దానితో పాటు ఛాతీకి కట్టుకునే పట్టీ వస్తుంది. మూడోదానికి చేతికి కట్టుకునే పట్టీ.

"రెండు పట్టీలకీ తేడా ఏంటి?" అన్నాడు బావమరిది.

"చేతిది నెమ్మదిగా, సగటు తీసి చెబుతుందండీ. ఛాతీది అలా కాదు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ పట్టేస్తుంది. కాకపోతే కంప్యూటరు దగ్గర్లోనే ఉండాలి. దూరమైతే అంకె పోతుంది."

"ఇలా తే. అసలు గుండె అంటే ఎలా ఉండాలో వీడికి చూపిస్తాను," అంటూ గుర్రం చొక్కా గుండీలు విప్పి పట్టీ బిగించుకున్నాడు.

తెర మీద యాభై ఆరు కనబడింది. గుర్రం మీసం దువ్వాడు. ఉన్నట్టుండి ఆ అంకె నూట తొంభైకి ఎగిరింది. వెంటనే యాభై ఆరుకు దిగింది. మళ్లీ ఎగిరింది.

"పట్టీ పొడిగా ఉన్నట్టుంది," అన్నాడు దుకాణందారు. నీళ్లతో తడిపి కట్టినా అంతే. కొత్త పట్టీ విప్పి కట్టాడు. అదీ అంతే. చివరికి దాన్ని తన ఛాతీకే కట్టుకుని నిలబడ్డాడు. డెబ్బై రెండు, డెబ్బై మూడు, డెబ్బై రెండు.

"ఒక్కసారి డాక్టరుకి చూపించుకోండి సార్," అన్నాడు దుకాణందారు మెల్లగా.

"సెన్సార్ల సంగతి నాకు చెబుతావా?" గుర్రం నవ్వాడు. "లిఫ్టులో సెన్సార్ పాడైతే ఎవరూ లేకపోయినా తలుపు తెరుచుకుంటుంది. అంతమాత్రాన అక్కడెవరో నిలబడ్డారనుకుంటామా?"

చేతి పట్టీ కట్టుకుంటే అంకె యాభై ఎనిమిది దగ్గర బుద్ధిగా కూర్చుంది. "ఇదిరా మంచి మిషను. దీన్నే తీసుకో," అన్నాడు గుర్రం.

బావమరిది ఛాతీ పట్టీ ఉన్నదాన్నే తీసుకున్నాడు.

ఇంటికి వెళుతూ గుర్రం గేటు దగ్గర ఆగి, "మీ అక్క చెవిన వేశావో, నీకూ నాకూ మాటల్లేవు," అన్నాడు. "రేపు కొండ ఎక్కుదాం. ఆ పట్టీ నేనే కట్టుకుంటా. ఆ డబ్బా నీ హ్యాండిల్‌కి తగిలించుకుని చూసుకో. నాకేం కాకపోతే దాన్ని తీసుకెళ్లి ఆ దుకాణంవాడి మొహాన కొట్టాలి. సరేనా?"

"కొండెందుకు బావా? ముందు డాక్టరు దగ్గరికి..."

"భయం నీది, గుండె నాది."

అంతలో ఆయన కూతురు పరుగు సాధన ముగించుకుని వచ్చింది. స్కూల్లో పరుగు పందెమంటే గెలుపు ఆ పిల్లదే. "మామయ్యా, కొత్త డబ్బా నాకూ చూపించవా?" అంటూ చెమటతో మీదకు వంగింది. ఆ పిల్ల ముందు ఇంకేమీ అనలేక బావమరిది డబ్బా తీసి చేతికిచ్చాడు.

మర్నాడు కొండ మొదట్లో గాలి లేదు. చెట్ల ఆకులు కదలడం లేదు. గుర్రం ముందు, బావమరిది వెనక. హ్యాండిల్ మీద బావ గుండె కనబడుతోంది. నూట పది, నూట ఇరవై ఐదు. మలుపుల్లో దారి నిటారుగా అయ్యేసరికి గుర్రం వేగం పెంచాడు. నూట యాభై. అంకె ఒక్క గంతున రెండు వందలు దాటింది.

"బావా, ఆగు!"

గుర్రం వెనక్కి చూడకుండా చెయ్యి ఊపి మలుపు తిరిగాడు. తెర మీద అంకె పోయి రెండు గీతలు మిగిలాయి. దూరమైపోయాడంతే, ఇంకేం లేదని సర్దిచెప్పుకుంటూ బావమరిది బలంకొద్దీ తొక్కాడు. డాక్టరు పెట్టిన హద్దు ఎప్పుడో మరిచిపోయాడు. తొడలు మండుతున్నాయి, కళ్లు మాత్రం ఆ గీతల మీదే ఉన్నాయి. మలుపు దగ్గరకు వచ్చేసరికి అంకె వచ్చింది. రెండు వందల ముప్పై.

సైకిలు రోడ్డు మీద అడ్డంగా పడి ఉంది. గుర్రం పిట్టగోడకు ఆనుకుని కూలబడ్డాడు. మొహం బూడిదలా ఉంది.

"చెప్పకురా... మీ అక్కకి," అన్నాడు. తల వాలిపోయింది.

కొండ దిగుతున్న కూరగాయల వ్యానును బావమరిది రోడ్డుకు అడ్డం నిలబడి ఆపాడు. ఆస్పత్రి చేరేదాకా బుట్టల మధ్య బావ తలను ఒళ్లో పెట్టుకుని పిలుస్తూనే ఉన్నాడు. దారిలోనే అక్కకు ఫోన్ చేసి మొత్తం చెప్పేశాడు.

గుర్రం బతికాడు. మెడ కింద చర్మంలో ఒక చిన్న యంత్రం పెట్టారు. గుండె తాళం తప్పితే అదే షాకు కొట్టి దారిలో పెడుతుందట. ఆయనకు కాస్త తెలివి వచ్చాక డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుంది.

"మీవాళ్లలో ఎవరైనా ఉన్నట్టుండి పోయారా?"

"మా తమ్ముడు. చెరువులో మునిగి..." గుర్రం ఆగిపోయాడు. "వాడు చేపలా ఈదేవాడండీ."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "ఇలాంటి గుండె జబ్బు వంశంలో నడుస్తుంది. పిల్లలున్నారా?"

ఆ మాటకు అక్క కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆమె మొహం చూసి బావమరిది గది బయటకు వెళ్లి మేనకోడలికి ఫోన్ చేశాడు. "ఆటోలో రా అమ్మా. నడవకు. పరిగెత్తకు, వింటున్నావా?"

పరీక్షలన్నీ అయ్యాక ఫలితం తెలిసింది. తండ్రి జబ్బే పిల్లకూ ఉంది. పందేలు, సాధన ఇంక కుదరవనీ, మందులు వాడుతూ మళ్లీ మళ్లీ చూపించుకోవాలనీ డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. గుర్రం గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

పిల్ల అంతా విన్నది. ఏడవలేదు.

"మరి బస్సు వెళ్లిపోతుంటే పరిగెత్తొచ్చా?" అని అడిగింది.

డాక్టరమ్మ అక్క వైపు చూసింది. అక్క పిల్ల చెయ్యి పట్టుకుంది. మణికట్టు దగ్గర వేళ్లు ఆనించి, నాడి లెక్కపెట్టసాగింది.