పదకొండో ఫోటో

"ఇస్త్రీ అయిపోయాక ఆ ఫోటోలు కాస్త చూసిపెట్టు" అన్నారు మా ఆయన, బనీను మీదే నిలబడి చొక్కా కోసం చెయ్యి చాపుతూ. పాలు పొంగుతాయేమో చూసిపెట్టు, అమ్మ మందులు వేసుకుందో లేదో చూసిపెట్టు, వెనక తలుపు గడియ పడిందో లేదో చూసిపెట్టు. ఈ ఇంట్లో నేను చూసిపెట్టనిది ఏదీ లేదు. పదేళ్ళుగా ఆ జాబితాలో డేగలు కూడా ఉన్నాయి.

ఆయన కాలేజీలో లెక్కలు చెబుతారు. సెలవు వస్తే కెమెరా భుజాన వేసుకుని స్నేహితులతో అడవికి పోతారు. డేగల మీద ఇష్టం ఉన్నవాళ్ళు ఫోన్లో ఒక గుంపు పెట్టుకున్నారు. ఎక్కడెక్కడి వాళ్ళో ఫోటోలు పంపి, ఇది ఏ డేగ అని అడుగుతారు. జవాబు మా ఆయన పేరుతో వెళుతుంది. అందుకే ఆయన్ని అందరూ డేగల మాస్టారు అంటారు. జవాబు రాసేది మాత్రం నేను, వంటింటి బల్ల మీద, కూరగాయల బుట్ట పక్కకి జరిపి. మొదట్లో ఆయనే చూసేవారు. తోక మీది పట్టీలు లెక్కపెట్టే ఓపిక లేక, "నీకు అలవాటే కదా, రోజంతా అక్షరాలు లెక్కపెడతావు" అని నాకు తోసేశారు.

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. ఆ పనిలో మొదట నేర్చుకోవలసింది ఒకటే, అక్కడ ఏం ఉండాలో కాదు, ఏం ఉందో చూడాలి. చాలామంది కళ్ళు ఉండాల్సినదాన్ని చదివేసి ముందుకు పోతాయి. డేగల విషయంలోనూ అంతే. ఊళ్ళ చుట్టుపక్కల తిరిగే డేగ, లోపలి అడవిలో మాత్రమే ఉండే డేగ, రెండూ దాదాపు ఒకే పరిమాణం, ఒకే పోలిక. ఊరి డేగకి గొంతు మధ్యలో సన్నటి గీత, అడవి డేగకి లావుపాటి గీత. ఊరి డేగ తోక మీద నల్లపట్టీలు సన్నగా ఉంటాయి, అడవి డేగకి వెడల్పుగా ఉంటాయి. ఫోటో పంపినవాళ్ళందరూ తమకు కనబడింది అడవి డేగే అయి ఉండాలని కోరుకుంటారు. నూటికి తొంభై తొమ్మిది ఊరి డేగలే. ఆ మాట వాళ్ళ మనసు నొప్పించకుండా చెప్పడం కూడా నాకు బాగా వచ్చింది. ఇంట్లో తర్ఫీదు అలాంటిది మరి.

"కళ్ళు పోగొట్టుకుంటావు అమ్మాయ్, రేపు నా సూదిలో దారం ఎవరెక్కిస్తారు?" అంటుంది మా అత్తగారు. నాకు కళ్ళున్నాయని ఒప్పుకున్న మనిషి ఈ ఇంట్లో ఆవిడొక్కతే. ప్రెస్సు ఓనరుగారు కూడా "మేడమ్‌ది డేగ కన్ను" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి, పుస్తకం చివర మాత్రం పరిష్కర్తగా తన బావమరిది పేరు వేసుకుంటారు. ఆ పేరులో అక్షరం తప్పు పడకుండా చూసేది కూడా నేనే.

ఇదంతా చెప్పి నా మీద జాలి పుట్టించుకోవాలని కాదు. నిజానికి జాలి పుట్టకుండా ఉంటేనే మంచిది. ఎందుకంటే చెప్పబోయేది నేను చేసిన పని.

పోయిన నెల మా ఆయన అడవి నుంచి ఎగిరి గంతేస్తూ వచ్చారు. మా కొండల వైపు అడవి డేగ కనబడి ముప్ఫై ఏళ్ళయిందట. అది తన కెమెరాలో పడిందట. మొత్తం ఇరవై ఫోటోలు. గుంపు వాళ్ళు డేగల మీద పుస్తకం వేస్తున్నారు, అట్ట మీద ఈ ఫోటోయే అని అప్పుడే ఖాయం చేసుకున్నారు. నేను ఫోటోలు వరసగా చూశాను. పదో ఫోటోలో గొంతు మీద లావుపాటి నల్లగీత ఉంది, నిజమే. పదకొండో ఫోటోలో డేగ తల తిప్పింది. ఆ నల్లగీత గొంతు వదిలి భుజం మీదికి జరిగింది. గీత జరగదు, నీడ జరుగుతుంది. పైన ఉన్న పుల్ల నీడ అది. గొంతు మీద మిగిలింది సన్నటి గీత.

"ఏమండీ, ఇది ఊరి డేగే" అన్నాను.

"నీకన్నీ అనుమానాలే" అన్నారు. "పదోది ఒక్కటే పంపు. మిగతావి పెడితే గందరగోళం. ఇంట్లో కూర్చుని ఫోటోలు చూసేదానికి అడవి సంగతి ఏం తెలుస్తుంది? నేను కదా అక్కడ ఉన్నది!"

గుంపులో ఒక పద్ధతి ఉంది. అరుదైన డేగ అని ఎవరన్నా అంటే ముగ్గురు ఓటు వెయ్యాలి, ఇద్దరు ఔనంటే ఔను. ఆ ముగ్గురిలో మా ఆయన ఒకరు, అటవీశాఖలో రిటైరైన రేంజరుగారు ఒకరు, మూడో మనిషి మ్యూజియంలో పక్షుల గది చూసే అమ్మాయి. అందరూ మ్యూజియం అమ్మాయి అనే పిలుస్తారు, అక్కడ ఇంకా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. ఎవరి ఫోటోకి వాళ్ళు ఓటు వేసుకోకూడదు. మా ఆయన బదులు ఇంకొకరు కావాలి. "మా ఆవిడ వేస్తుంది" అన్నారు మా ఆయన. "అమ్మగారికి డేగలు కూడా తెలుసా?" అని రేంజరుగారు నవ్వే బొమ్మ పెట్టారు. అలా పదేళ్ళ తర్వాత మొదటిసారి ఆ గుంపులో నా పేరు కనబడింది.

మ్యూజియం అమ్మాయి కాదని ఓటు వేసింది. 'తోక మీది నల్లపట్టీలు సన్నగా ఉన్నాయి, గొంతు మీది గీత నీడ కావచ్చు, ఇంకో ఫోటో ఉంటే చూపించగలరా' అని మర్యాదగా అడిగింది. పదో ఫోటో ఒక్కదాన్నే చూసి నీడ అని పట్టుకుంది. ఆ పిల్ల కన్ను చూసి ముచ్చటేసింది. ఆ ముచ్చటలోనే ఏదో మంటా పుట్టింది. ఆ పిల్లకి తన మాట తన పేరుతో చెప్పుకునే చోటు ఉంది. అడగ్గలదు, కాదనగలదు. రేంజరుగారు ఎటూ తేల్చలేక "అమ్మగారు కూడా తమ అభిప్రాయం చెబితే..." అన్నారు.

మా ఆయన నా కుర్చీ వెనక నిలబడ్డారు. "ఔనని వెయ్యి. రెండు ముక్కలు రాస్తే చాలు" అన్నారు.

నేను రెండు ముక్కలు రాసి ఊరుకోలేదు. రెండు పేజీలు రాశాను. ముడుచుకున్న తోకలో పట్టీల వెడల్పు లెక్కలోకి రాదని, గొంతు గీతే ప్రమాణమని, వేల ఫోటోలు చూసిన అనుభవంతో చెబుతున్నానని రాశాను. ఒక్కొక్క వాక్యం అంత నిబ్బరంగా వస్తుంటే నాకే ఆశ్చర్యం వేసింది. చివర ఈ మాట కూడా రాశాను, 'మ్యూజియం సొరుగుల్లో దాచిన చచ్చిన పిట్టల్ని చూసి నేర్చుకున్న చూపుకి, కొమ్మ మీది పిట్ట అందదు.' మా ఆయన నన్ను అన్న మాటే. దాన్ని ఇంకొంచెం పదును పెట్టి ఆ పిల్ల మీద వేశాను. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన వెంట అడవికి పంపింది టిఫిన్ డబ్బానే తప్ప, నేను ఒక్కసారీ వెళ్ళింది లేదు.

రేంజరుగారు ఔనన్నారు. ఫోటో నెగ్గింది. ఇక పొగడ్తలే పొగడ్తలు. 'ఎంత బాగా చెప్పారు మేడమ్', 'మాస్టారూ, ఇన్నాళ్ళూ ఈ రత్నాన్ని ఎక్కడ దాచారు', 'చివరి మాట అదుర్స్'. ఆ రోజు అంట్లు తోముతూ మధ్యమధ్యలో చెయ్యి తుడుచుకుని ఫోను చూసుకున్నాను. మ్యూజియం అమ్మాయి ఒక్క మాటే రాసింది, 'నేర్చుకుంటాను మేడమ్.'

ఈ ఆదివారం మధ్యాహ్నం ఆ అమ్మాయి దగ్గర్నుంచి నా ఫోనుకి విడిగా ఉత్తరం వచ్చింది. ఉతికిన దుప్పట్లు మడతపెడుతూ చదివాను.

'మేడమ్, మీరన్నది నిజమే, నేను బయట చూసింది తక్కువ. మీరు చెప్పిన పద్ధతిలో నా పాత గుర్తింపులన్నీ మళ్ళీ చూశాను. నానాచోట్ల నుంచి మ్యూజియానికి వచ్చిన ఫోటోల్లో నలభై ఒకటి మార్చాను. మీ మాట మా పెద్దసారు చదివారు. నన్ను పక్షుల గది నుంచి తీసి టికెట్ల కిటికీ దగ్గర వేశారు. కోపం లేదు మేడమ్. నాకే నా కళ్ళ మీద నమ్మకం పోయింది, అది ఒక్కటే బాధ. మీకు వీలైనప్పుడు ఒకసారి మీతోపాటు అడవికి తీసుకెళతారా?'

దుప్పటి చేతిలోనే ఉండిపోయింది. చెవులు వేడెక్కాయి, మెడ దాకా మంట. మా అత్తగారు పక్కగదిలోంచి "ఎవరే ఫోను?" అంటే "ఎవరూ కాదు" అన్నాను. ఎవరూ కాదట! సిగ్గుతో చచ్చిపోవడం అంటారే, అది వట్టి మాట. సిగ్గుపడ్డ మనిషి చావదు, దుప్పట్లు మడతపెట్టి బీరువాలో సర్దుతుంది, అద్దం ముందు నుంచి తల వంచుకుని వెళుతుంది. ఇన్నేళ్ళూ నాకు జరిగిన అవమానాలన్నీ పూస గుచ్చినట్టు చెప్పగలను. ఏ రోజు, ఎవరి ముందు, ఏ మాట అన్నదీ గుర్తే. నేను ఒక మనిషిని అవమానిస్తే ఎలా ఉంటుందో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. నా చేతిలో అంత బలం ఉంటుందని నాకేం తెలుసు? చేతికి వచ్చిన మొదటిసారే, నాలాంటి దాన్ని చూసి మరీ కొట్టాను.

మా ఆయనకి ఉత్తరం చూపించాను. చదివి ఫోను తిరిగిచ్చారు.

"పుస్తకం అచ్చుకి పోతోంది. ఇప్పుడు నువ్వేదో గొణిగితే నా పరువేం కావాలి?"

"ఆ అమ్మాయిని గది నుంచి తీసేశారండీ."

"టికెట్లు చింపడం కూడా ఉద్యోగమే. చిన్నపిల్ల, నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది."

సర్దుకుంటుంది. నన్ను ఈ ఇంట్లో దింపి వెళ్ళేటప్పుడు మా అమ్మతో అందరూ అన్న మాట అదే. సర్దుకున్నాను. సర్దుకుని సర్దుకుని ఇదిగో, ఇలా తయారయ్యాను.

వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. అలవాటు కొద్దీ ముందు ప్రెస్సు పద్ధతిలోనే రాశాను, 'అడవి డేగ అని ఉన్నచోట ఊరి డేగ అని చదువుకోగలరు. పొరపాటుకు చింతిస్తున్నాము.' ఎంత సుఖంగా ఉందో ఆ వాక్యం! అందులో ఎవరూ తప్పు చెయ్యలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అచ్చులో వందసార్లు వేయించిన వాక్యం అది. కొట్టేశాను. 'మా ఆయన మాట కాదనలేక' అని మొదలుపెట్టాను. అది అబద్ధం కాదు. కానీ రెండు పేజీలు రాయమని ఆయన అడగలేదు కదా. అదీ కొట్టేశాను. చివరికి ఇలా రాసి గుంపులో పెట్టాను:

'పదకొండో ఫోటో కింద పెడుతున్నాను. గొంతు మీద కనబడింది నీడ. ఇది ఊరి డేగ. మ్యూజియం అమ్మాయి మొదటే సరిగ్గా చెప్పింది. ఫోటో మా ఆయనది, ఔనని ఓటు వెయ్యమన్నది ఆయన. తెలిసీ అబద్ధం రాసింది నేను. ముడుచుకున్న తోక గురించి నేను చెప్పింది తప్పు, దాన్ని ఎవరూ వాడకండి. ఆ అమ్మాయి చూపుని నేను అన్న మాటకి సిగ్గుపడుతున్నాను. ఈ సంగతి వాళ్ళ పెద్దసారుకి కూడా రాస్తున్నాను.'

పెద్దసారుకి ఉత్తరం పంపుతుండగానే మా ఆయన ఫోను టింగుటింగుమనడం మొదలైంది. హాల్లోంచి ఒక్క ఉదుటున వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "తీసెయ్. ఇప్పుడే తీసెయ్. నలుగురూ చదవకముందే తీసెయ్" అన్నారు. ఆయన గొంతులో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. నేను తియ్యలేదు. "వీడేమిటే అలా అరుస్తాడు?" అంటోంది మా అత్తగారు.

అప్పుడే నా ఫోను మోగింది. మ్యూజియం అమ్మాయి. ఎత్తాను.

"మేడమ్, పదకొండో ఫోటో చూశాను" అంది. "అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట."

"బాగానే ఉన్నాయమ్మా. నాకంటే బాగున్నాయి. ఆ నలభై ఒకటి మళ్ళీ పాత పేర్లకే మార్చెయ్యి. కాదు, నాకు పంపు, నేనే మారుస్తాను."

ఫోన్లో వెనక ఎవరో రెండు టికెట్లు అడుగుతున్నారు. "ఒక్క నిమిషం సార్" అని వాళ్ళకి చెప్పి, మళ్ళీ నాతో మెల్లగా అంది.

"సార్ బలవంతం చేసి ఉంటారు కదా మేడమ్? నాకు తెలుసు. మా ఇంట్లోనూ ఇంతే. మీరేం బాధపడకండి."

గుమ్మంలో ఆయన చెయ్యి అడ్డంగా ఊపుతున్నారు, తన పేరు చెప్పొద్దని. ఆ పిల్ల నా కోసం తలుపు తెరిచి పెట్టింది. 'అవునమ్మా' అంటే చాలు, ఇద్దరం కలిసి ఓ ఏడుపు ఏడ్చి చెల్లుకు చెల్లు అనుకోవచ్చు.

"ఓటు వెయ్యమన్నది ఆయనేనమ్మా" అన్నాను. "చచ్చిన పిట్టల మాట మాత్రం ఆయన చెప్పి రాయించింది కాదు. అది నేనే రాశాను. రాశాక నాలుగుసార్లు చదువుకుని మురిసిపోయాను."