చేయి మరిగిన బర్రె

ఎల్లారెడ్డిలో అంజవ్వ పాలంటే చిక్కదనానికి పేరు. బస్టాండు హోటలుకూ, చుట్టుపక్కల ఇండ్లకూ ఆమే పోస్తుంది. ఉన్నది ఒక్కటే బర్రె. దూడ పుట్టిన వారానికే చచ్చిపోయింది. అప్పటినుంచి అది అంజవ్వ చేతికి తప్ప చేపేది కాదు. ఇంకెవరు పొదుగు కింద కూర్చున్నా పాలు పైకి లాగేసుకునేది.

ఎండకాలంలో అంజవ్వ అరచేతిలో కురుపు లేచింది. కూతురు గంగామణికి తన చీర కట్టించి, కొంగు నెత్తిమీద కప్పి పంపింది. బర్రె వాసన చూసి, నమ్మి, చేపింది. తల్లీకూతుళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. చేయి నయమయ్యాక కూడా అంజవ్వ పిండటానికి కూర్చోలేదు. పిల్ల పిండుతుంటే తాను ఇండ్లన్నీ తిరిగి రావచ్చు, సులువు అనుకుంది. పొరపాటు అక్కడే జరిగింది.

గంగామణి పదో తరగతి పాసైంది. స్నేహితురాలు వాజిదాతో పాటు కామారెడ్డిలో హాస్టలున్న కాలేజీలో చేర్పిస్తానని వాజిదా తండ్రి మొయినుద్దీన్ మాటిచ్చాడు. "పో బిడ్డా, సదువుకో. బర్రెను నేను జూసుకుంట" అంది అంజవ్వ.

తీరా ఆమె కూర్చుంటే బర్రె కాలు విదిల్చింది. తవుడు పెట్టింది, బెల్లం పెట్టింది, మెడ నిమిరింది. చివరికి కూతురి ఓణీ కప్పుకుంది.

"ఏందే అంజవ్వా, పెండ్లిచూపులా?" అన్నాడు గోడవతలి ముత్తయ్య.

"అవునన్నా. కొమ్ములున్న పిలగాడు, నేను నచ్చలేదట."

కాలేజీలో చేరడానికి ఆఖరి రోజు వచ్చింది. తన వాసన తగలకుండా గంగామణి లోపల తలుపేసుకుని కూర్చుంది. చేతిసంచి ఒళ్లో ఉంది. బక్కెట్లో ధార పడే చప్పుడు కోసం చెవులప్పగించింది. వినపడలేదు. "చేపవే, నా తల్లివి గాదూ" అని అంజవ్వ బతిమాలుతోంది. పొదుగు బిగిసి బర్రె అరుస్తోంది.

అంజవ్వ కూతుర్ని పిలవలేదు. ఒక్కసారి పిలిచి ఉంటే గంగామణికి కోపం తెచ్చుకునే వీలైనా ఉండేది.

గంగామణి సంచి కింద పెట్టి తలుపు తీసింది. అంజవ్వ కూతురి మొహం చూడకుండా లేచి పక్కకు జరిగింది. గంగామణి చేయి తగలగానే పాలు దిగాయి.

అప్పుడే వాజిదా దర్వాజా దగ్గరికి వచ్చింది. "గంగా, చల్. మా అబ్బా బస్సు ఆపించిండు."

"సగం గూడ కాలే. నడుమ లేస్తే మల్ల చేపది."

"సీటు పోతది."

"ఎరికే."

"మరి రేపెవరు పిండుతరు?"

గంగామణి బక్కెట్‌ను మోకాళ్ల నడుమ సర్దుకుంది. అంజవ్వ గోడవైపు తిరిగి కొంగుతో కండ్లు తుడుచుకుంది.

"నువ్వు పోవే వాజిదా. మీ అబ్బా తిడ్తడు" అంది గంగామణి.

వాజిదా వెనక్కి చూస్తూ వెళ్లిపోయింది. రోడ్డు మీద హారన్ మోగింది. బర్రె చెవులు రిక్కించింది. ఎక్కడ బెదిరి పాలు ఆపేస్తుందోనని గంగామణి తల దాని కడుపుకు ఆనించి, వేళ్లు మరింత మెత్తగా కదిపింది.