దీనమ్మ టైలర్స్, శుక్రవారం పంటు

శుక్రవారం పొద్దున్న కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కగానే అందరి ఫోన్లూ బయటికొస్తాయి. "దీనమ్మ టైలర్స్" బొమ్మల కథలో కొత్త భాగం వచ్చేది ఆ వేళకే. తొమ్మిదేళ్ళుగా అదే అలవాటు. మోటారు సైకిళ్ళకి ఆనుకుని, అరటి గెలల పక్కన చతికిలబడి చదువుతారు, నవ్వుతారు. నవ్వితే పంటు తేలికై జానెడు పైకి లేస్తుంది. గోదావరి గట్టున పుట్టినవాళ్ళకి ఇందులో వింతేముంది? వేసవిలో ఇసుక మేటలు అడ్డమొస్తే పంటు నడిపే సరంగు త్రిమూర్తులు "నవ్వండి బాబూ, మేటొచ్చింది!" అని కేకేస్తాడు. అంతే.

ఆ బొమ్మలు గీసేది రెయిలింగు పట్టుకుని నిలబడ్డ బ్యాంకు క్లర్కు కృపారాణి అని ఎవరికీ తెలీదు. కథలో దీనమ్మ మిషను తొక్కుతుంటే, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ళకల్లా వంకలు పెట్టే మామ్మగారుంటుంది. ఆవిడ అచ్చంగా కృపారాణి వాళ్ళమ్మ రూతమ్మ. కిందటి వానల్లో రూతమ్మ పోయింది. అప్పట్నుంచి కృపారాణి చెయ్యి కుర్చీ గీస్తుంది గానీ అందులో మనిషిని గీయలేకపోతోంది.

ఈవేళ కొత్త భాగం ఇంకా రాలేదు. ఆఖరిది ఆమె ఫోన్లో సిద్ధంగా ఉంది. దించేసిన షట్టరు, దాని మీద "సమాప్తం". అవతలి ఒడ్డు దిగగానే పెట్టేసి, ఇక జన్మలో బొమ్మ జోలికి పోకూడదనుకుంది.

నది మధ్యలో పంటు ఇసుకలో కూరుకుంది.

"నవ్వండి బాబూ!"

"ఏం చూసి నవ్వమంటావయ్యా?" అన్నారు రిటైరైన లెక్కల మాస్టారు భాస్కరం గారు. "ఆ కథలో హాస్యం చచ్చిపోయింది. కొలతలిచ్చాక లడ్డూలు తిని లావెక్కిన పెళ్ళికూతురికి మామ్మగారు పెట్టిన చీవాట్లు గుర్తున్నాయా? ఇప్పుడేముంది! గుండీలు, నిట్టూర్పులు."

అమలాపురంలో డిగ్రీ చదివే ఉమాశ్రీ బ్యాగు కింద పెట్టి బరిలోకి దిగింది. "తొమ్మిదేళ్ళూ అవే లడ్డూలు కావాలా మాస్టారూ? ఆడమనిషి ఏడిస్తే కథ దారి తప్పినట్టా? మనల్ని నవ్విస్తానని దీనమ్మేమైనా రాసిచ్చిందా?"

"ఏడవనీ తల్లీ, కాదనను. మధ్యలో ఓసారి తుమ్మకూడదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. పంటు బెత్తెడు లేచి మళ్ళీ కూలబడింది.

"మనిషి పోయిన ఇంట్లో తుమ్ములేంటండీ?"

"ఎవరు పోయారు?" మాస్టారి గొంతు గట్టిపడింది.

"మామ్మగారు. కుర్చీ ఖాళీగా ఉందిగా."

"ఖాళీగా ఉంటే పోయినట్టేనా? చర్చికెళ్ళింది. ప్రసంగం ఇంకా అవ్వలేదు."

"ఇన్ని నెలలా?"

"కథలో ఆ జీవరాజు పాస్టరు గారి సంగతి మర్చిపోయావా? ఆదాము దగ్గర్నుంచి మొదలెడతాడాయన. ఇంకా జలప్రళయమే రాలేదు, నోవహు ఓడే తేలలేదమ్మా."

మాస్టారింట్లోనూ ఓ కుర్చీ ఖాళీ అయిందని ఉమాశ్రీకి తెలుసు. కింద పెట్టిన బ్యాగు తీసి భుజానికి తగిలించుకుంది.

కృపారాణికి మాత్రం ఆదివారం మధ్యాహ్నం గుమ్మంలో చెప్పులు విడుస్తూ అమ్మ అనే మాట వినిపించింది. "కూర చల్లారిపోయిందే, ఆ పాస్టరింకా ఏదెను తోటలోనే తిరుగుతున్నాడు!"

ముందు భుజాలు కదిలాయి. తర్వాత కళ్ళు తడిశాయి. తర్వాత ఆపుకోలేక, రెయిలింగు మీద వాలిపోయి, పడీపడీ నవ్వింది. అమ్మ పోయాక అదే మొదటి నవ్వు.

పంటు జానెడు కాదు, కొంగలెగిరేంత ఎత్తుకి లేచింది. అడుగు నుంచి నీళ్ళు ధారగా కారాయి. త్రిమూర్తులు డీజిల్ కలిసొచ్చిందని ఇంజను ఆపేశాడు. మాస్టారు దొర్లిపోతున్న అరటి గెలని కాలితో ఆపారు.

ఒడ్డు దిగాక కృపారాణి బ్యాంకుకి వెళ్ళలేదు. రేవు మెట్ల మీద కూర్చుని "సమాప్తం" చెరిపేసి, ఫోన్ మీద వేలితో గీసింది. మిషను దగ్గర దీనమ్మ, పక్కన ఖాళీ కుర్చీ, వాకిట్లో విడిచిన చెప్పుల జత. గుమ్మం అవతల నుంచి ఓ మాట: "కుర్చీ ఎవరికీ ఇవ్వకే దీనమ్మా. ఓడ తేలింది, వచ్చేస్తున్నా."

బొమ్మ పెట్టగానే రేవంతా ఫోన్లు మోగాయి. మాస్టారు ఆటోలో ఒక కాలు పెట్టి చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చెప్పానా, లేదా?" అన్నారు ఉమాశ్రీతో.