అక్క పట్టిచ్చిన హంతకులు

మా లైబ్రేరియన్ చదివినన్ని డిటెక్టివ్ నవలలు ఈ భూమ్మీద మరో మనిషి చదివి ఉండడు. తక్కువలో తక్కువ పదకొండు వేలు. పుస్తకం తెరిచి ఒకసారి వాసన చూస్తే హంతకుడెవరో చెప్పేస్తాడని, దారి తోచనప్పుడు పోలీసులు కూడా లైబ్రరీ వెనక గుమ్మంలోంచి వచ్చి ఆయన్ని అడిగి వెళ్తారని నేను చాలామందికి చెప్పాను. నమ్మనివాళ్ళకి ఆయన కళ్ళజోడు చూపించేవాణ్ణి. సీసా అడుగంత మందం అద్దాలు. అంత చదివినవాడికి తప్ప అలాంటి కళ్ళజోడు ఎవరికి వస్తుందని అడిగితే, ఎంతటి మొండివాడైనా నోరు మూసుకునేవాడు.

లైబ్రేరియన్ల సంఘం అని ఒకటుంది. ఏటా కొత్తగా వచ్చిన అపరాధ పరిశోధన నవలల్లోంచి ఆరింటిని ఏరి, అందులో మేలైనదానికి ఇత్తడి భూతద్దం బహుమతిగా ఇస్తుంది. తీర్పు చెప్పేది రచయితలు కాదు, ప్రొఫెసర్లు కాదు. పుస్తకాలకి అట్టలు వేసి, ముద్రలు కొట్టి, చిరిగిన పేజీలు అంటించుకునే లైబ్రేరియన్లే. అలాంటివాళ్ళు తొమ్మిదిమంది. వాళ్ళకి పంపే పుస్తకాలకి ఒక పద్ధతుంది. చివరి అధ్యాయం చుట్టూ గట్టి కాగితం పట్టీ బిగించి, దాని మీద లక్క ముద్ర వేస్తారు. అక్కడిదాకా చదివి, ఎవరి మీద అనుమానమో, ఎందుకో ఒక ఫారం మీద రాసి సంతకం పెట్టాకే ఆ పట్టీ చింపాలి. ముందే చింపితే ఆ తీర్పు చెల్లదు. రచయిత చదివేవాణ్ణి న్యాయంగా ఓడించాడా, మోసం చేసి ఓడించాడా అని తేల్చడానికి ఇదొక్కటే దారని సంఘంవాళ్ళ నమ్మకం.

పన్నెండేళ్ళుగా మా లైబ్రేరియన్ పంపే ఫారాలంటే సంఘంలో అందరికీ ముచ్చట. మిగతావాళ్ళు రెండు పేజీలు రాసే చోట ఈయన రెండు వాక్యాలు రాసేవాడు. ‘ఎడమచేతి వాటం మనిషి తొమ్మిదో అధ్యాయంలో కుడిచేత్తో గుండీ పెట్టుకున్నాడు. రచయిత మరిచిపోలేదు, ఇతనే హంతకుడు.’ ఇంకో ఏడు: ‘విషం టీలో కలిపారన్నారు గానీ ఆ కప్పు ఎవరు కడిగారో చెప్పలేదు. ఇంట్లో ఒక్క కప్పు కూడా కడగని మగాడు రాసిన పుస్తకం ఇది.’ సంఘం కార్యదర్శి ఆ ఫారాన్ని నలుగురికీ చదివి వినిపించి, “మనవాడికి ఇల్లాలి చూపు కూడా ఉందయ్యా” అని మురిసిపోయాడట.

ఇక నా పదకొండు వేలు నేను వెనక్కి తీసుకుంటాను. సంతోషంగానే తీసుకుంటాను, మోయలేక భుజాలు నొప్పెడుతున్నాయి. ఆయన ఏ డిటెక్టివ్ నవలలోనూ మూడో అధ్యాయం దాటలేదు. కథలో శవం నేల మీద పడేసరికి ఈయన కుర్చీలో ఒరిగేవాడు. కళ్ళజోడు చిన్నప్పటినుంచీ ఉన్నదే. పోలీసుల సంగతంటారా, ఒకసారి ఎండలో వచ్చిన కానిస్టేబుల్ మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళాడు.

చదివింది ఆయన అక్క.

ఆవిడ ఒక టైలరు షాపులో ఇరవయ్యారేళ్ళు చొక్కాలకి కాజాలు కుట్టింది. భర్త పోయాక తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. తమ్ముడికి పెళ్ళి కాలేదు, కాలేదని అక్కాతమ్ముళ్ళిద్దరూ పెద్దగా బెంగపడనూ లేదు. ఆవిడ షాపునుంచి రాగానే కిటికీ పక్కన కూర్చుని, పీట మీద కాళ్ళు చాపుకుని, చేతికి దొరికిన పుస్తకమల్లా చదివేది. తమ్ముణ్ణి సంఘం న్యాయనిర్ణేతగా వేసుకున్న మొదటి ఏడాదే ఆయనకి విడవని జ్వరం. గడువు దగ్గరపడింది. లేచి చూస్తే ఆరు ఫారాలూ పెన్సిలుతో నింపి ఉన్నాయి.

“పడి ఉన్నాయి కదాని రాశాను. నచ్చకపోతే చెరిపెయ్యి” అంది అక్క.

చెరపలేదు. వాటి మీదే సిరాతో దిద్ది, కింద తన సంతకం పెట్టి పంపాడు. రెండో ఏడు జ్వరం లేదు గానీ అలవాటు మిగిలిపోయింది.

“ఎవరక్కా?” అని అడిగేవాడు ముద్ర దగ్గరికి రాగానే.

“చెబితే ఇక నువ్వు చదవవు.”

“చెప్పకపోయినా చదవనుగా.”

“అయితే రాసుకో, సన్నాసీ.”

ఆవిడ చెప్పేది, ఈయన రాసేవాడు. పట్టీ చింపి చూస్తే పదింట తొమ్మిదిసార్లు ఆవిడ చెప్పిన మనిషే. ఆ పదోసారి రచయిత మోసం చేశాడని ఇద్దరూ కలిసి తిట్టుకునేవాళ్ళు.

బహుమతి సభనుంచి తమ్ముడు తిరిగి వచ్చినరోజు ఆవిడకి పండగే. తెరలు ఏ రంగు, భూతద్దం అందుకున్నప్పుడు రచయిత చెయ్యి వణికిందా, ఓడిన ఐదుగురిలో చప్పట్లు మనసారా కొట్టిందెవరు, అన్నీ చెప్పించుకునేది. ఒక ఏడాది అడిగింది.

“ఒక్కసారి నన్నూ తీసుకెళ్ళరా. వెనక వరసలో కూర్చుంటా, నోరెత్తను.”

“అది లైబ్రేరియన్లకేనక్కా.”

“కాజాలు కుట్టేదాన్ని చూస్తే తలుపు దగ్గరవాడు పట్టుకుని కట్టేస్తాడా?”

ఆయన నవ్వేసి మాట మార్చాడు. మరుసటేడు మళ్ళీ అడిగింది. అలా నాలుగేళ్ళు అడిగింది. ఐదో ఏడు అడగలేదు. ఆవిడ అడగడం మానేసిందన్న సంగతి కూడా ఆయన అప్పుడు గమనించలేదు.

ఈ ఏడు సంఘంనుంచి ఉత్తరం వచ్చింది. పన్నెండేళ్ళుగా పదునైన తీర్పులిచ్చిన మా లైబ్రేరియన్‌ని బహుమతి సభలోనే సన్మానిస్తారట. ఆ వారమే అక్క ఆస్పత్రిలో చేరింది. పరీక్షలయ్యాక డాక్టరు తమ్ముణ్ణి వరండాలోకి పిలిచి మాట్లాడాడు. తమ్ముడు మొహం కడుక్కుని, నవ్వు ఒకటి తగిలించుకుని లోపలికొచ్చాడు.

“మొహం ఎందుకు కడుక్కున్నావు?” అంది ఆవిడ.

“ఉక్కగా ఉంటేనూ.”

“ఆధారాలన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయిరా. ఆ పుస్తకాలు ఇటు పట్రా, గడువు దాటిపోతుంది.”

ఐదు నవలలు మంచం మీదే చదివేసింది. ఆరోది వచ్చేసరికి పుస్తకం పట్టుకునే ఓపిక పోయింది. దాంతో ఆయనే పైకి చదవడం మొదలుపెట్టాడు. కూర్చుంటే నిద్రపడుతుందని భయం వేసి, మంచం పక్కన నిలబడి చదివాడు. ఒకరోజు కాదు, నాలుగు మధ్యాహ్నాలు. కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డ మనిషిని చూసి నర్సు, “కూర్చోండి సార్, కుర్చీ ఉందిగా” అంది.

“కూర్చోబెట్టకమ్మా, హంతకుడు తప్పించుకుంటాడు” అంది అక్క.

మూడో అధ్యాయం దాటింది. నాలుగోది దాటింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన చూడని ప్రదేశాలవి. శవం పడ్డ తరవాత ఇంత కథ ఉంటుందా అని ఆయన అడిగితే, నవ్వబోయి దగ్గు వచ్చి ఆవిడ చెయ్యి ఊపింది.

ఆ మధ్యాహ్నమే ఆయన పుస్తకం మధ్యలో వేలు పెట్టి మూసి, “అక్కా, ఈసారి సభకి నిన్ను తీసుకెళ్తా. ముందు వరసలో కూర్చోబెడతా” అన్నాడు.

“ముందు వరసే. ఇన్నాళ్ళకి పెద్ద మనసు చేశావే.”

“అందరిముందూ చెప్పేస్తాను, రాసింది నువ్వని.”

“నీ పరువో?”

“పోతే పోయింది.”

“నీ పరువు పోతే పోయింది. ఇచ్చిన భూతద్దాలు వెనక్కి లాక్కుంటారేమోరా. ఆ రచయితల ఉసురు మనకెందుకు? ఏమీ చెప్పకు, ఊరుకో.”

ఆయన పేజీ వెతుక్కుంటుండగా మళ్ళీ అంది, “ఒకవేళ చెబితే మాత్రం, కాజాలు కుట్టేదాన్నని కూడా చెప్పు.”

నాలుగో మధ్యాహ్నానికి ముద్ర దగ్గరికి చేరారు. ఆయన ఫారం తీసి, పెన్సిలు పట్టుకుని, “ఎవరక్కా?” అన్నాడు.

“తెలిసిపోయింది.”

“ఎవరు?”

“రేపు చెబుతా. ఇన్నాళ్ళకి ఒక పుస్తకం ఇక్కడిదాకా చదివావు. ఈ పూట నువ్వే ఆలోచించు. ఒక్కణ్ణైనా నీ బుర్రతో పట్టుకోరా.”

బతిమాలితే చెప్పేదేమో. ఆయన బతిమాలలేదు. దారి పొడుగునా వేళ్ళు మడుస్తూ అనుమానితులని లెక్కపెట్టుకుంటూ ఇంటికి వెళ్ళాడు, బడిపిల్లాడిలా.

మర్నాడు పొద్దున్న వచ్చేసరికి ఆవిడకి మాట పడిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆయన ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, “పేర్లు చదువుతాను, ఆ పేరు రాగానే వేలు కదుపు, చాలు” అన్నాడు. ఫారం వెనక రాసుకొచ్చిన ఆరు పేర్లూ ఒక్కొక్కటే చదివాడు. డాక్టరు. వంటమనిషి. చిన్నకోడలు. లాయరు. డ్రైవరు. చనిపోయినవాడి తమ్ముడు. ఒక్కదానికీ వేలు కదల్లేదు. తొందరగా చదివానేమో అనుకుని మళ్ళీ మొదటినుంచి, ఒక్కో పేరు దగ్గర ఆగి ఆగి చదివాడు. మూడోసారి మొదలుపెడుతుంటే నర్సు వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

ఆ మరుసటిరోజు ఆవిడ పోయింది. సభకి ఇంకా ఎనిమిది రోజులుంది.

ఐదు ఫారాలు ఎప్పటిలాగే వెళ్ళాయి. ఆరోదాని మీద ఆయన తన మాటల్లో మొదటిసారి ఒక వాక్యం రాశాడు. ‘ఈ పుస్తకం చదివిన మనిషి తీర్పు చెప్పకుండా వెళ్ళిపోయింది.’ పట్టీ చింపకుండానే పుస్తకం తిప్పి పంపేశాడు. చింపితే హంతకుడు తెలుస్తాడు గానీ, అక్క ఎవరిని అనుకుందో తెలియదు. ఆయనకి కావలసింది అదొక్కటే.

సభరోజు ఆ ఆరో నవలకే భూతద్దం వచ్చింది. రచయిత చెయ్యి వణికింది. తెరలు నీలం రంగువి. ఆయన ఇవన్నీ అలవాటుగా చూసి గుర్తుపెట్టుకుని, ఎవరికి చెప్పాలో తోచక, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అప్పుడు కార్యదర్శి ఆయన్ని వేదిక మీదకి పిలిచి, జ్ఞాపిక చేతిలో పెట్టబోయాడు. మా లైబ్రేరియన్ అందుకోలేదు. మైకు అందుకున్నాడు.

“ఆ ఫారాలు నేను రాయలేదండీ. మా అక్క రాసింది. టైలరు షాపులో కాజాలు కుట్టేది. పన్నెండేళ్ళూ తనే చదివింది, తనే తేల్చింది. నేను సంతకం పెట్టాను, అంతే.”

“హాస్యానికి అంటున్నారు కదా?” అన్నాడు కార్యదర్శి, సభ కేసి నవ్వుతూ.

“కాదండీ. నేను మూడో అధ్యాయం దాటే మనిషిని కాను. కావాలంటే ఇవాళ గెలిచింది తప్ప ఏ పుస్తకంలోనైనా అడగండి.”

కార్యదర్శి జ్ఞాపికని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక బల్ల మీద పెట్టాడు. వెనకనుంచి ఎవరో, “అయితే పాత బహుమతులు చెల్లుతాయా?” అని గట్టిగానే అడిగారు.

“అది మీరు తేల్చుకోండి. నన్ను తీసేయండి, నాకిక ఇక్కడ పని లేదు. ఇంకొక్క మాట చెప్పి దిగిపోతాను.” ఆయన జేబులోంచి ఆ ఏటి ఆహ్వానం తీశాడు. మడతలు విప్పడానికి కొంత సేపు పట్టింది. “మా అక్క ఇక్కడికి వస్తానని నాలుగేళ్ళు అడిగింది. ఇది లైబ్రేరియన్లకేనని చెప్పాను. ప్రతి ఏడూ ఈ కాగితం అడుగున ‘కుటుంబంతో రాగలరు’ అనే ఉంటుంది. ఎవరైనా ఆవిణ్ణి పలకరిస్తే తనే రాసిందని తెలిసిపోతుందేమోనని, ఈ కాగితం ఇంటికి తీసుకెళ్ళకుండా లైబ్రరీ సొరుగులోనే ఉంచేవాణ్ణి. ఎవరు ఏది ఎక్కడ దాచారో ఇట్టే పట్టేసే మనిషి, తమ్ముడి సొరుగు మాత్రం ఎప్పుడూ వెతకలేదు. అదీ చెప్పాల్సింది.”

ఆయన మెట్లు దిగుతుంటే సభ మొత్తం లేచి నిలబడింది. తొమ్మిది వరసలూ, ఒక్కరు మిగలకుండా, తలుపు దాకా ఆయన నడిచినంతసేపూ అలాగే నిలబడి ఉన్నారు.

నా మాట మీద మీకు ఈపాటికి ఎంత నమ్మకం మిగిలిందో నాకు తెలుసు కాబట్టి చెప్పేస్తున్నాను. ఈ నిలబడటం ఒక్కటీ నేను కల్పించాను. లేచింది ఇద్దరు. ఒకాయన బస్సు వేళయిందని లేచాడు. రెండో ఆవిడ నిజంగానే లేచింది గానీ, చుట్టూ ఎవరూ లేవకపోయేసరికి చీర సర్దుకున్నట్టు చేసి కూర్చుంది. మిగతాదంతా జరిగినట్టే రాశాను.